డయల్ మీది రెండో చెయ్యి

వాచీల మేస్త్రి పడిపోయిన గదిలో నేను అడుగుపెట్టేసరికి మూడూ ఇరవై అయింది. ఐదింటికల్లా ఆయన అల్లుణ్ణి మేజిస్ట్రేటు ముందు నిలబెట్టి తీరతానని ఇన్‌స్పెక్టరు పంతం పట్టాడు. అంటే నాకు మిగిలింది గంటా నలభై నిమిషాలు. నేను ప్రైవేటు డిటెక్టివుని, మేస్త్రి కూతురు కబురంపితే వచ్చాను. మేడ మెట్ల దగ్గర నా మోకాళ్ళు అప్పటికే రెండు నిమిషాలు తినేశాయి.

మేస్త్రి సంగతి ముందు చెప్పాలి. పగలంతా కొట్లో కూర్చుని ఊళ్ళో వాళ్ళ గడియారాలు బాగుచేస్తాడు. సాయంత్రం మేడ మీది ఈ గదిలో, లైసెన్సు తీసుకుని సరదాకి నడిపే హామ్ రేడియో ముందు కూర్చుంటాడు. తలమీదుగా పోయే ఒక చిన్న ఉపగ్రహాన్ని అద్దంలా వాడుకుని, ముఖం కూడా చూడని స్నేహితులతో పన్నెండు పద్నాలుగు నిమిషాలు కబుర్లాడతాడు. ఉపగ్రహం అటు దిగిపోగానే రేడియో కట్టేసి కాఫీకి వెళతాడు. నిన్న సాయంత్రం అలా మాట్లాడుతుండగానే ఎవరో వెనకనుంచి పానాతో తలమీద కొట్టారు. క్లాసు ఆలస్యమై నాలుగూ నలభైకి ఇంటికొచ్చిన కూతురు చూసి కేకలు పెట్టింది. మనిషి ఇప్పటికీ ఆస్పత్రిలో తెలివి లేకుండానే ఉన్నాడు.

"మీకెందుకండీ ఈ శ్రమ? కందకు లేని దురద కత్తిపీటకెందుకు?" అన్నాడు ఇన్‌స్పెక్టరు కిటికీ దగ్గర నిలబడి. "అల్లుడు మొన్న పదిమంది ముందు ఏమన్నాడు? 'డాబా మీద ఆ ఇనుప గొడుగు యాంటెన్నా దిగ్గొట్టి చిల్లులు పెట్టావు, ఇల్లంతా కారుతోంది, పీకి పారేస్తా' అన్నాడు. నిన్న నాలుగూ పద్దెనిమిదికి ఇంట్లోకి వెళ్ళాడు. నాలుగూ ఇరవై అయిదుకి బయటికొచ్చాడు. ఎదురింటి ఇస్త్రీ అతను చూశాడు. ఇంకేం కావాలి?"

"అంతకుముందు ఎక్కడున్నాడు?"

"కళ్ళజోళ్ళ దుకాణంలో పని. నాలుగూ పదికి రిజిస్టరులో సంతకం పెట్టి బయల్దేరాడు. సైకిల్ మీద ఎనిమిది నిమిషాలు. మరిచిపోయిన తాళాల కోసం వచ్చాననీ, మేడ ఎక్కనే లేదనీ అంటాడు. అందరూ అదే అంటారు."

"మీరు తెలివైనవారు" అన్నాను. వెటకారమే. అతనికి అర్థం కాలేదు, లేదా అయినా పట్టించుకోలేదు. కింద వీధిలో జీపు ఆగి ఉంది. వెనక సీట్లో ఇద్దరు కానిస్టేబుళ్ళ మధ్య అల్లుడు తల వంచుకుని కూర్చున్నాడు.

గదికి వెనక తలుపుంది; దాని అవతల డాబా, డాబా నుంచి వెనకసందులోకి మెట్లు. గది చిన్నదే గాని దాన్ని చూస్తే నాకు ముచ్చటేసింది. నా జన్మలో నా బల్ల ఒక్కరోజు కూడా అంత పొందిగ్గా లేదు. రేడియో, పక్కన పెన్సిలు, ఏ రోజు ఎవరితో మాట్లాడాడో రాసుకునే లాగుబుక్కు. బల్ల కింద కుట్టుమిషను పెడల్ లాంటి పెడల్ ఒకటి. కాలితో తొక్కితే మాట బయటికి వెళుతుంది, కాలు తీస్తే ఆగిపోతుంది. గది మూలలో నిజం కుట్టుమిషనే ఉంది. అది కూతురిది. ఆమె కుట్టు నేర్పే టీచరు. పదేళ్ళుగా తండ్రి రేడియోలో మాట్లాడుతుంటే ఆమె ఆ మూల కూర్చుని జాకెట్లు కుడుతూ ఉంటుంది.

లాగుబుక్కు తెరిచాను. చివరి రెండు కాగితాలు చింపేసి ఉన్నాయి. హెడ్‌ఫోన్ల వైరు రేడియోలోంచి ఊడి కింద వేలాడుతోంది.

"ఈ వైరు ఎవరు పీకారు?"

"అతను పడ్డప్పుడు ఊడినట్టుంది" అన్నాడు ఇన్‌స్పెక్టరు. "రేడియో బుసబుసమంటుంటే మా కానిస్టేబులు కట్టేశాడు. ఏ బొత్తామో తెలీక అన్నీ తిప్పాడు పాపం."

"అంటే వేలిముద్రలు గోవిందా!"

అతను గొంతు సవరించుకున్నాడు. వైరు ఊడితే రేడియో గొంతు హెడ్‌ఫోన్లలోంచి కాకుండా స్పీకర్లోంచి గదంతా వినిపిస్తుంది. ఈ సంగతి మనసులో ముడి వేసుకున్నాను.

అప్పటిదాకా తలుపు దగ్గర నిలబడ్డ కూతురు ముందుకొచ్చి బల్ల సొరుగు లాగింది. లోపల చిన్న టేప్ రికార్డరు. రేడియో వెనకనుంచి సన్నటి వైరు అందులోకి వెళ్ళింది.

"దీని మోటారు చప్పుడు గిట్టక నాన్న సొరుగులో పెట్టేవాడండీ. రోజూ రికార్డు చేస్తాడు. పొద్దున ఆస్పత్రి నుంచి వచ్చాక గుర్తొచ్చి విన్నాను. నాలుగుసార్లు విన్నాను. మా ఆయన కాదండీ కొట్టింది."

"ఎవరో తెలిసిందా?"

"ఎవరో తెలీదు. ఎప్పుడో తెలుసు."

ఈ మాటతో నా మోకాళ్ళ నొప్పి ఎటు పోయిందో పోయింది.

టేపు పెట్టబోతుండగా మెట్ల మీద చేతికర్ర చప్పుడయింది. ఊరి హామ్ రేడియో క్లబ్బు ప్రెసిడెంటు గారు వచ్చారు. మేస్త్రికి ముప్ఫై ఏళ్ళ స్నేహితుడు. ఈయన్ని ఇన్‌స్పెక్టరే నిపుణుడిగా పిలిపించాడట, నా నోరు మూయించడానికి. ఆయన కూతురి తలమీద చెయ్యి వేసి "ధైర్యంగా ఉండమ్మా" అన్నారు. ఆమె "కూర్చోండి పెదనాన్నా" అని, చెవి మందమున్న ఆయనకి ఆనేలా గట్టిగా చెప్పి కుర్చీ జరిపింది.

"టేపా? నిన్నటిదా?" అన్నారాయన కూర్చుంటూ. కర్ర జారి కింద పడింది. నేనే తీసిచ్చాను.

టేపు తిరిగింది. ముందు మేస్త్రి గొంతు: "నాలుగు గంటల ఆరు నిమిషాలు. ఉపగ్రహం ఇప్పుడే లేచింది." ఎంత మర్యాదస్తుడో! తనను కొట్టిన వేళ కూడా లెక్క కట్టుకోమని మనకు గడియారం పెట్టి వెళ్ళాడు. తర్వాత ఎవరో దూరపు స్నేహితుడితో కబుర్లు: మందులు వేసుకుంటున్నావా, వానలు పడ్డాయా. నేను నా వాచీ పట్టుకుని కూర్చున్నాను. ఆరు నిమిషాల నలభై సెకన్లకు మేస్త్రి "నీ గొంతు ఇవాళ ఎంత బా" అంటూ మాట మధ్యలో తెగిపోయాడు.

"హలో మేస్త్రీ? వినపడుతోందా?" అని అవతలి మనిషి అడిగాడు. ఆ గొంతు క్రమంగా బొంగురుపోయింది. పది సెకన్లలో గుమ్మడికాయలో నోరు పెట్టి మాట్లాడినట్టయి, ఆ తర్వాత మాయమైపోయింది. కాసేపు బుసబుస. ఇంతలో పిచ్చుక కూతలాంటి కీచుగొంతు ఒకటి వచ్చింది. అది నెమ్మదిగా దిగి ఆడమనిషి గొంతయింది. అదీ మునగబోయింది. ఎందుకో ఆగింది. నలభై సెకన్ల పాటు నిలకడగా పలికి, ఆ తర్వాత మళ్ళీ మునిగిపోయింది.

"టేపు మోటారు పాడైంది" అన్నారు ప్రెసిడెంటు గారు వెంటనే. "నెమ్మదిస్తే గొంతు ఇలాగే సాగుతుంది. దీన్ని పట్టుకుని కోర్టుకి వెళితే నవ్వుతారు."

ఇన్‌స్పెక్టరు నా వైపు చూసి కనుబొమలెగరేశాడు. నిజం చెప్పొద్దూ, నాకూ అదే నిజమనిపించింది.

"మోటారు నెమ్మదిస్తే మాట కూడా నెమ్మదిస్తుంది కదా పెదనాన్నా?" అంది కూతురు. "మళ్ళీ వినండి. 'హలో మేస్త్రీ వినపడుతోందా' అని అతను ఎంత గబగబా అన్నాడో చివరిదాకా అంత గబగబానే అంటున్నాడు. గొంతు ఒక్కటే దిగింది, మాట వేగం దిగలేదు. ఇది టేపు జబ్బు కాదు. డయల్ మీంచి నాన్న చెయ్యి జారిపోయింది."

మళ్ళీ విన్నాం. ఆమె చెప్పింది అక్షరాలా నిజం. పాతికేళ్ళుగా ఈ వృత్తిలో ఉన్నాను, నా చెవులకు సిగ్గేసింది.

"అమ్మా, నాలాంటి మొద్దుకి అర్థమయ్యేలా చెప్పు" అన్నాను.

"నాన్న గడియారంతో చెప్పేవాడండీ. టిక్కుటిక్కుమనే గడియారం మీ వైపు పరుగెత్తుకొస్తోందనుకోండి. ఒక్కో టిక్కూ ముందుదాని కంటే దగ్గర్నుంచి బయల్దేరుతుంది, అందుకని దగ్గరదగ్గరగా వచ్చి చెవిలో పడతాయి. అదే పారిపోతుంటే ఎడం ఎడంగా పడతాయి. గడియారం తప్పేం లేదు, అంతా పరుగు మహిమ. దీన్నే డాప్లర్ అంటారు. ఉపగ్రహం సెకనుకి ఏడు కిలోమీటర్ల పైగా పరుగెడుతుంది. వచ్చేటప్పుడు దాని ఫ్రీక్వెన్సీ ఎక్కువగా ఉంటుంది, పోయేటప్పుడు తక్కువ. సరిగ్గా మనని దాటేటప్పుడు చటుక్కున పడిపోతుంది. అందుకని నాన్న చెయ్యి ఎప్పుడూ డయల్ మీదే ఉంటుంది. పన్నెండు నిమిషాలూ వెంట్రుకవాసి చొప్పున కిందికి దించుతూ ఉండాలి. చెయ్యి ఆగిందా, గొంతు మునిగిపోతుంది."

"కింద నుంచి పైకి ఎప్పుడూ తిప్పడా?"

"ఎప్పుడూ కిందికే."

ఆ మేస్త్రి పదేళ్ళుగా సెకనుకి ఏడు కిలోమీటర్లు పరుగెత్తేదాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని నడిపించాడు. ఆ పక్కన కుట్టుమిషను ముందు కూర్చున్న ఈ పిల్ల చెవితోనే ఆ విద్య పట్టేసింది. తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడుంటాడని ఊరికే అనలేదు.

"అంటే దెబ్బ పడింది నాలుగూ పన్నెండు దాటి నలభై సెకన్లకి" అన్నాను ఇన్‌స్పెక్టరుతో. "అప్పటికి మీ ముద్దాయి సైకిల్ మీద దారిలో ఉన్నాడు. నాలుగూ పద్దెనిమిదికి గాని గుమ్మం ఎక్కలేదు. మీ సాక్షే చెప్పాడు."

"దాహమేసి లేచి ఉండొచ్చుగా మేస్త్రి?"

"మాట మధ్యలో లేచి నీళ్ళు తాగొచ్చాడా? సరే, మంచినీళ్ళకే వెళ్ళాడనుకుందాం. నలభై సెకన్లు ఆ ఆడమనిషి గొంతుని నిలబెట్టిందెవరు?"

ఇన్‌స్పెక్టరు టేపు వైపు వంగాడు. కూతురే అంది: "అది నాన్న కాదండీ. నాన్న గొంతుని మనిషి గొంతులాగే ఉంచుతాడు. ఇక్కడ కాస్త కీచుగా వదిలేశారు. అలా వదిలేస్తే నాన్నకి పళ్ళు పులుస్తాయి."

ఇప్పుడు ప్రెసిడెంటు గారి వైపు తిరిగాను. నాలుగు ప్రశ్నలు అడిగితే పోయేదేముంది?

"నిన్న నాలుగింటికి ఎక్కడున్నారండీ?"

"ఇంట్లో. నిద్రపోతున్నాను."

"ఈ ఉపగ్రహం మీదుగా మీరూ మాట్లాడతారా?"

"లేదు బాబూ. నేను పాతకాలం వాణ్ణి. ఈ శాటిలైట్ల జోలికి ఎన్నడూ పోలేదు. డయల్ ఎటు తిప్పాలో కూడా తెలీదు."

"మేస్త్రికి శత్రువులు?"

"దేవుడిలాంటి మనిషి."

"నాన్న ఒక దొంగని వెతుకుతున్నాడు" అంది కూతురు ఉన్నట్టుండి. "ఎవరో గొంతు మార్చి, చనిపోయిన ఆపరేటరు పేరు వాడుకుని, ఉపగ్రహం మోయలేనంత పవరుతో దాని మీదుగా అరుస్తున్నాడట. వాడు నోరు తెరిస్తే చిన్న స్టేషన్ల వాళ్ళెవరూ వినపడరు. మొన్న అన్నం తింటూ నాన్న చెప్పాడు: 'వాడి గొంతుకీ, ఉపగ్రహం తిప్పి పంపే నా గొంతుకీ మధ్య డయల్ మీద ఎడం మొదటినుంచి చివరిదాకా మారడం లేదమ్మా. వేరే ఊళ్ళో ఉన్నవాడైతే వాడి డాప్లర్ వేరు, నాది వేరు, ఎడం మారిపోవాలి. ఇద్దరం కలిసి దిగుతున్నామంటే వాడు మన ఊళ్ళోనే ఉన్నాడు' అని. ఇంకొక్కసారి చూసుకుని అధికారులకి రాస్తానన్నాడు. చింపేసిన కాగితాల్లో అదే ఉండాలి."

"మీ ఊళ్ళో లైసెన్సున్నవాళ్ళెంతమంది?" అని ప్రెసిడెంటు గారిని అడిగాను.

"పధ్నాలుగు మంది." కర్ర పిడి మీద ఆయన వేళ్ళు బిగుసుకున్నాయి. "అందరూ పెద్దమనుషులే."

ఇన్‌స్పెక్టరు వాచీ చూసుకున్నాడు. "నాలుగు కావస్తోంది. పధ్నాలుగు మందిని పట్టుకుని కూర్చుంటే ఐదింటికి కోర్టు ఎవరు చూస్తారు? నేను బయల్దేరుతున్నాను."

"ఉండండి" అంది కూతురు. "నాలుగూ ఒకటికి ఇవాళ మళ్ళీ వస్తుంది అదే ఉపగ్రహం. మాట్లాడ్డానికి నాకు లైసెన్సు లేదు, వింటే తప్పులేదు. చెయ్యి ఆగితే ఏమవుతుందో మీ చెవులతో మీరే వినండి. పన్నెండు నిమిషాలు. తర్వాత మీ ఇష్టం. మా ఆయన్ని అంతసేపు జీపులోనే కూర్చోబెట్టండి."

ఇన్‌స్పెక్టరు మొండివాడే గాని చెడ్డవాడు కాదు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

ఆమె హెడ్‌ఫోన్లు పక్కన పెట్టి స్పీకరు పెట్టింది. సరిగ్గా నాలుగూ ఒకటికి బుసబుసలోంచి గొంతులు లేచాయి. ఆమె రెండు వేళ్ళు డయల్ మీద ఆనించింది. తిప్పుతున్నట్టే కనబడలేదు, గొంతు మాత్రం చెక్కుచెదరకుండా నిలబడింది.

"నన్ను చూడనివ్వమ్మా" అని ఇన్‌స్పెక్టరు చెయ్యి పెట్టాడు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు, మొత్తానికి స్టేషనే పోగొట్టాడు. నేను నవ్వాను. తర్వాత నేను ప్రయత్నించి అంతకంటే ఘోరంగా తప్పాను. తెలియనివాడి చెయ్యి ముందు రెండు వైపులా తడుముకుంటుంది, పాపం. ప్రెసిడెంటు గారు మా ఇద్దర్నీ చూస్తూ రేడియో పక్కనే కుర్చీ అంచున కూర్చున్నారు. ఆయన పెదవులు బిగించుకోవడం గమనించాను. అప్పుడు దాని అర్థం తెలిసిరాలేదు.

ఆమె మళ్ళీ గొంతు దొరకబుచ్చుకుంది. ఎక్కడో ఒక స్త్రీ తన తోటలో కాసిన కాయల గురించి చెబుతోంది. నాలుగూ ఏడయింది. ఉపగ్రహం మా నడినెత్తిన ఉండాలి.

కూతురు ఉన్నట్టుండి డయల్ వదిలేసి లేచింది. కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ కిటికీ దగ్గరికి వెళ్ళి, కింద జీపులో ఉన్న భర్తను చూస్తూ మాకు వీపు పెట్టి నిలబడింది. పాపం, ఎంతసేపని బిగపట్టుకుంటుంది! ఓదార్చడానికి నేను లేచాను. ఇన్‌స్పెక్టరు కూడా ఇబ్బందిగా తల తిప్పుకున్నాడు. రేడియో సంగతి ఎవరికీ పట్టలేదు. తోటావిడ గొంతు దిగడం మొదలుపెట్టింది. బొంగురుపోయింది. మునగబోయింది.

ఆగింది.

గిర్రున తిరిగి చూశాను. ప్రెసిడెంటు గారి ఎడమచెయ్యి డయల్ మీద ఉంది. ఆయన కళ్ళు నేలమీద ఉన్నాయి, ఎక్కడో ఆలోచనలో ఉన్నారు. చెయ్యి మాత్రం తన పని తాను చేసుకుపోతోంది. తడుముకోలేదు, వెతుక్కోలేదు, సూటిగా కిందికి దించి నిలబెట్టింది. ఇంత విద్య చేతిలో ఉన్న మనిషిని మెచ్చుకోకుండా ఉండడం కష్టం. ఆ క్షణంలో నేను మెచ్చుకున్నాను కూడా. మరుక్షణం చెవి ఒగ్గి విన్నాను. తోటావిడ గొంతు నిలకడగా ఉంది, కాని కాస్త కీచుగా ఉంది. టేపులో విన్నంత కీచుగా.

కిటికీ దగ్గర కూతురు ఇటు తిరిగింది. ఆమె కళ్ళు పొడిగా ఉన్నాయి.

"ఎటు తిప్పాలో తెలీదన్నారుగా, పెదనాన్నా?"

ఆయన తన చెయ్యి చూసుకున్నారు. వేడి గిన్నె తాకినట్టు వెనక్కి లాక్కున్నారు.

"చూసి నేర్చుకున్నానమ్మా. ఇప్పుడే. నువ్వు తిప్పుతుంటే..."

"నేను మనిషి గొంతులాగే నిలబెట్టాను. నన్ను చూసి నేర్చుకుంటే అలాగే నిలబెట్టేవారు. మీకు చెవి మందం కదా, గొంతు కాస్త కీచుగా ఉంటే గాని ఆనదు. నిన్న కూడా ఇలాగే వదిలేశారు. పొద్దున టేపు విన్నప్పుడే అనుమానం వచ్చింది. కాకూడదని దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను."

నేను ఇన్‌స్పెక్టరు వైపు చూశాను. అతను అప్పటికే లేచి తలుపుకి అడ్డంగా నిలబడ్డాడు. మొండివాడికి కూడా మెదడు ఉంటుందని ఆ రోజు తెలుసుకున్నాను.

"వెనకసందులోంచి డాబా మీదికి మెట్లున్నాయి" అన్నాను ప్రెసిడెంటు గారితో. "హెడ్‌ఫోన్లు పెట్టుకుని మాట్లాడుతుంటే మేస్త్రికి పిడుగు పడ్డా వినపడదని మీకు తెలుసు. ఆ పన్నెండు నిమిషాలూ మీవేనని లెక్క వేసుకుని వచ్చారు. ఆ దొంగ మీరే, మేస్త్రి లెక్క స్నేహితుడిగా మీ చెవినా పడింది; ఆ లెక్క రాసిన కాగితాలు తీసుకుని పోదామనుకున్నారు. ఆయన తిరిగి చూడబోయాడు. పానా చేతికి అందింది. ఆయన పడడంతో హెడ్‌ఫోన్ల వైరు కూడా ఊడింది. స్పీకర్లోంచి గొంతు మునిగిపోతూ వినపడింది. మీరు ఒక చేత్తో కాగితాలు చింపుతూనే రెండో చెయ్యి డయల్ మీదికి పోనిచ్చారు. సొరుగులో టేపు తిరుగుతోందని తెలీదు మీకు."

ముప్ఫై ఏళ్ళ పెద్దరికం ఆ కుర్చీలోనే కరిగిపోయి, ఒక ముసలాయన మిగిలాడు.

"లైసెన్సు పోతే నాకింక ఏముందమ్మా?" అన్నారు చివరికి. "కొట్టాలని రాలేదు. ఆ తర్వాత వెళ్ళిపోదామనే అనుకున్నాను. కాని ఆ గొంతు అలా మునిగిపోతుంటే... నీకు తెలుసుగా... వింటూ ఊరుకోలేకపోయాను."

"మా నాన్న కింద పడి ఉంటే ఊరుకున్నారుగా, పెదనాన్నా."

ఇన్‌స్పెక్టరు కిటికీలోంచి కిందికి కేకేశాడు: "అల్లుణ్ణి దించండి! పైకి తీసుకురండి!" జీపు తలుపు తెరిచిన చప్పుడు వినబడింది. కూతురు మెట్ల వైపు పరుగెత్తింది.

గదిలో తోటావిడ ఇంకా మాట్లాడుతూనే ఉంది. ఆమె గొంతు నెమ్మదిగా బొంగురుపోయింది. ప్రెసిడెంటు గారు రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని దాన్నే వింటున్నారు. ఈసారి డయల్ మీద ఎవరి చెయ్యీ పడలేదు.